మెర్జ్ వద్దు, బ్రాంచే ముద్దు

సాఫ్ట్‌వేర్ రంగాన్ని పట్టి పీడిస్తున్న దురాచారం ఒకటుంది. దాని పేరు మెర్జ్, అంటే వేర్వేరుగా రాసిన కోడ్‌ను ఒకచోట కలిపేయడం. దాన్ని తక్షణం నిషేధించాలి.

ఏ ప్రోగ్రామర్‌ని అడిగినా తన బ్రాంచ్‌లో, అంటే అసలు కోడ్ నుంచి విడదీసుకున్న సొంత పాయలో, కోడ్ భేషుగ్గా నడుస్తోందనే చెబుతాడు. పక్క సీటాయన్ని అడగండి, ఆయనదీ అదే మాట. ఇద్దరూ అబద్ధాలకోరులు కారు. రెండూ కలిపిన మరుక్షణమే గొడవ. అంటే లోపం కోడ్‌లో లేదు, కలపడంలో ఉంది. ఇంత తేటతెల్లమైన సంగతి ఇన్నేళ్లూ మేధావులకు తట్టకపోవడమే వింత.

బ్రాంచ్ అలా కాదు, పేదల పెన్నిధి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో బ్రాంచ్ అంటే ఒక కమిట్ (భద్రపరచిన మార్పు) గుర్తింపు సంఖ్య రాసిపెట్టుకున్న ఫైలు, మామూలుగా 41 బైట్లు. ఇంత చౌకైతే పొదుపు ఎవరికి కావాలి? ‘టెంప్’ (తాత్కాలికం) అని పేరు పెట్టినవే అందరికంటే దీర్ఘాయుష్మంతులు. పుట్టించినవాడు ఉద్యోగం మానేసినా అవి కదలవు.

మెర్జ్ సమర్థకులు త్రీ-వే మెర్జ్ అనే శాస్త్రం వల్లిస్తారు. రెండు బ్రాంచ్‌లు విడిపోయిన చోటు వెతికి, అక్కణ్ణుంచి ఎవరు ఏ లైన్లు మార్చారో పోల్చడమట. ఇద్దరూ ఒకే లైన్లో వేలు పెడితే? పైనా కిందా ఏడేసి బాణం మొనలు, మధ్యలో ఏడు సమానం గుర్తులు గీసి, పంచాయితీ మీరే తేల్చుకోండని గిట్ తప్పుకుంటుంది. ఆ గుర్తుల్ని అలాగే ఉంచి కమిట్ చేసే మహానుభావులున్నారు. వాళ్లది అహింసా మార్గం.

గొడవ లేకుండా కలిస్తే ఇంకా ప్రమాదం. ఒకరు ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) పేరు మారుస్తారు. ఇంకొకరు తన బ్రాంచ్‌లో, వేరే ఫైల్లో, పాత పేరుతోనే దాన్ని కొత్తగా పిలుస్తారు. గిట్ చూసేది లైన్లనే, అర్థంతో దానికేం పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? చిరునవ్వుతో కలిపేస్తుంది. కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మలిచే బిల్డ్ కూలడం తర్వాతి కార్యక్రమం.

రోజూ కొంచెం కొంచెం కలుపుకుంటే ఈ బాధే ఉండదని కొందరు చాదస్తులంటారు. మూడు నెలలు తలుపులేసుకుని రాసిన కోడ్‌లోని గాంభీర్యం ఈ కలుపుగోలుతనంలో ఉంటుందా? ఇక తమ కమిట్లను వేరే చోటి నుంచి మళ్లీ పేర్చే రీబేస్ వాదులతో నాకు మాటల్లేవు. చరిత్రనే తిరగరాసేవాళ్లతో చర్చేమిటి?

నా ప్రతిపాదన సులభం. ఎవరి బ్రాంచ్‌ను వాళ్లే నేరుగా వినియోగదారులకు ఇచ్చేయాలి. లాగిన్ కావాలన్నవారికి ఒకటి, లాగవుట్ కావాలన్నవారికి మరొకటి. రెండూ కావాలనే అత్యాశపరుల కోసం ఒక కమిటీ వేద్దాం. వాళ్లకో కొత్త బ్రాంచ్ తీసి ఇస్తుంది.