కడబంతిలో కూర్చున్న కుర్రాడు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ అమెరికన్ ఫుట్‌బాల్ చూసి ఉండరు. అక్కడ బంతి విసిరి వడ్డించే క్వార్టర్‌బ్యాక్ ఎంత మనవాడైనా, ఒక విడతకి అతని చేతిలో ఉండే లడ్డూ ఒక్కటే. ఆ లడ్డూ కోసం ఊరు మారిన జేమ్సన్ విలియమ్స్ అనే కుర్రాడి కథ ఇది.

విస్తళ్ల లెక్క తేల్చుకుందాం. మైదానంలో ఒక జట్టుకి 11 మంది. వాళ్లలో ఐదుగురు లైన్‌మెన్‌కి పాస్, అంటే విసిరిన బంతి, పట్టే హక్కే లేదు, గోడలా నిలబడటమే వాళ్ల ఉద్యోగం. వడ్డించేవాణ్ని తీసేస్తే మిగిలేది ఐదుగురు. అందులో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఒకడు, గోడకి సాయపడుతూ పాస్ కూడా పట్టే భారీ టైట్ ఎండ్ ఒకడు పోగా, పాస్ పట్టడమే పనైన రిసీవర్లకి మూడు విస్తళ్లు. కోచ్‌కి ఆ పూట పరుగు ఆట మీద మోజు పుట్టి రెండో టైట్ ఎండ్‌ని దింపాడా, మూడో రిసీవర్ సగం భోజనంలో లేవాల్సిందే. అతను ఏ తప్పూ చేయకపోయినా సరే, భోజనాల బంతిలో ఒక భారీ మనిషికి చోటు కావలసి వచ్చింది, అంతే.

ఇంత ఇరుకు పందిట్లో, 2020లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టులో జేమ్సన్ విలియమ్స్ మూడో విస్తరి ముందు కూర్చున్నాడు. పేరుకి స్టార్టరే, అంటే మొదటి జట్టువాడే. కోవిడ్ పుణ్యమా అని ఎనిమిది మ్యాచ్‌లతో ముగిసిన ఆ సీజన్‌లో క్రిస్ ఒలావే 50 క్యాచ్‌లు పట్టాడు, గారెట్ విల్సన్ 43 పట్టాడు, మన కుర్రాడు 9 పట్టాడు. విస్తరి వేశారు, నీళ్లు చల్లారు, ఉప్పు కూడా వడ్డించారు.

2021 వచ్చేసరికి ఆ విస్తరికీ ఎసరొచ్చింది. అప్పటిదాకా లోపల, గోడకి దగ్గరగా ఉండే స్లాట్ అనే చోట ఆడుతున్న విల్సన్‌ని మళ్లీ బయటికి పంపి, స్లాట్‌ని జాక్సన్ స్మిత్-ఇన్‌జిగ్బాకి ఇవ్వాలన్నది ఆలోచన. రెండో పక్క బయట ఒలావే ఎలాగూ ఉన్నాడు. పైగా పెళ్లి భోజనాల్లో తినేవాడి కుర్చీ మీద చెయ్యేసి నిలబడినట్టు, వెనక మార్విన్ హారిసన్ జూనియర్, ఎమెకా ఎగ్బుకా అనే కొత్త కుర్రాళ్లు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. రిసీవర్ల కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్ పెరడంతా మందు చెట్లే.

“ఓపిక పట్టాలి, పోటీ అందరికీ మంచిదే” అనే పండితులకి మా నమస్కారం. బెంచీ మీద కూర్చుంటే ఎవరికి ఏం మంచి జరుగుతుందో శాస్త్రోక్తంగా పరిశీలించాం. రిసీవర్ వెనక్కి తిరగకముందే బంతి గాల్లోకి లేవాలి. ఆ సమయం కుదిరేది ప్రాక్టీసులో, మొదటి జట్టుతో కలిసి పరిగెత్తినవాడికే. రెండో జట్టువాడు రెండో క్వార్టర్‌బ్యాక్‌తో సాధన చేసి, శనివారం మ్యాచ్‌లో హఠాత్తుగా దిగితే బంతి ఒకచోట, అతనొకచోట. అవతలి జట్టులో అందరి వెనకా కాపలా కాసే సేఫ్టీలు ఇద్దరున్నారా, ఒకడే ఉన్నాడా చూసుకుని పరుగు మధ్యలోనే దారి మార్చుకోవాలి కూడా. ఇతను ఒకటి చదివి క్వార్టర్‌బ్యాక్ ఇంకొకటి చదివితే లడ్డూ వెళ్లి ఎదురింటివాడి ఒళ్లో పడుతుంది. ఆట మొదలయ్యే గీతకి ఒకడుగు వెనక నిలబడాల్సినవాడు మరిచిపోయి గీత మీదికొస్తే, ఆ పక్కనున్న టైట్ ఎండ్‌కి పాస్ పట్టే అర్హతే పోతుంది. ఇలాంటిది ఒక్కసారి జరిగితే చాలు, “చూశారా, వీణ్ని అందుకే దింపడం లేదు” అంటారు. దింపకపోవడం వల్లే జరిగిందనేవాడు కోచ్ కాలేడు.

ఏ స్థానానికి ఎవరి తర్వాత ఎవరో రాసే డెప్త్ చార్టులో ఒక్కోసారి రెండు పేర్ల మధ్య ‘లేదా’ అని రాసి ఊరడిస్తారు. అది మన రైళ్లలో ఆర్‌ఏసీ టికెట్టు. కూర్చోవచ్చు, కాళ్లు చాపడానికి లేదు.

మునుపు జట్టు మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్నది కాలేజీ ఫుట్‌బాల్ నియమం. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. 2021 ఏప్రిల్‌లో కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఒక్కసారికి ఆ అడ్డు తీసేసింది. అలబామా యూనివర్సిటీలో రిసీవర్లు డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్ ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయి రెండు విస్తళ్లు ఖాళీగా ఉన్నాయి. విలియమ్స్ అక్కడికి వెళ్లి కూర్చున్నాడు. ఒహాయో స్టేట్‌లో రెండేళ్లకి 15 క్యాచ్‌లు పట్టినవాడు అక్కడ ఒక్క ఏడాదిలో 79 పట్టాడు. 1,572 గజాలు, బంతిని చివరి గీత దాటించిన టచ్‌డౌన్లు 15. అలవాటు పోక విస్తళ్లెత్తే పని కూడా చేశాడు. బంతిని అవతలి జట్టుకి తన్నేసే పంట్ కొట్టగానే, దాన్ని అందుకున్నవాణ్ని పడగొట్టడానికి పరిగెత్తే గన్నర్ ఉద్యోగం సాధారణంగా బెంచీ జనానికి ఇస్తారు. ఆ పని చేస్తూనే ఆబర్న్ మీద మ్యాచ్‌లో ప్రమాదకరంగా ఢీకొట్టాడని, టార్గెటింగ్ అనే తప్పు కింద మైదానం బయటికి పోయాడు.

తీరా 2022 జనవరి 1న, రోజ్ బౌల్ అనే సీజన్ ముగింపు మ్యాచ్‌లో విల్సన్, ఒలావే ఆడలేదు. ఒహాయో స్టేట్ కంగారు పడలేదు. స్మిత్-ఇన్‌జిగ్బా 347 గజాలు లాగాడు, కుర్చీ వెనక నిలబడ్డ హారిసన్ మూడు టచ్‌డౌన్లు చేశాడు, 48-45తో యూటా ఓడింది. తొమ్మిది రోజుల తర్వాత జార్జియాతో అలబామా జాతీయ ఫైనల్. అలబామా రెండో పెద్ద రిసీవర్ జాన్ మెచీ అప్పటికే మోకాలి గాయంతో లేడు. రెండో క్వార్టర్‌లో విలియమ్స్ మోకాలూ పోయింది. వెనక నిలబడి ఉన్నవాళ్లకి పెద్ద విందుల అనుభవం లేదు. 33-18తో ఓడారు. కడబంతి నిండుగా ఉంటే కుర్రాడు పారిపోతాడు, ఖాళీగా ఉంటే ఫైనల్ పారిపోతుంది. ఏది నయమో పండితులే తేల్చాలి.

అదే ఏడాది ఏప్రిల్ 28న లాస్ వేగస్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వరసగా పిలుచుకునే రోజు. పదో పిలుపు విల్సన్‌ది, న్యూయార్క్ జెట్స్. పదకొండోది ఒలావేది, న్యూ ఆర్లియన్స్ సెయింట్స్. పన్నెండోది విలియమ్స్‌ది, డెట్రాయిట్ లయన్స్. ఊరు మారాడు, జట్టు మారాడు, వడ్డించేవాణ్నీ మార్చుకున్నాడు. చివరికి కూర్చున్నది మాత్రం ఆ ఇద్దరి పక్కనే, మూడో విస్తరి ముందు.