డబుల్స్ మిగులు ఆట కాదప్పా

2024 జూలై 31, పారిస్ ఒలింపిక్స్, టెన్నిస్ డబుల్స్ క్వార్టర్ ఫైనల్. ఒకవైపు నడాల్, అల్కరాజ్. నడాల్ 14 సార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన కోర్టు అది. అల్కరాజ్ జూన్‌లో ఫ్రెంచ్ ఓపెన్, జూలైలో వింబుల్డన్ గెలిచి మంచి ఊపు మీదున్నాడు. ఇంకోవైపు ఆస్టిన్ క్రాయిచెక్, రాజీవ్ రామ్. వీళ్లెవరని అడిగితే మన వాట్సాప్ గ్రూపుల్లో సగం మంది నోరు వెళ్లబెడతారు. 6-2, 6-4తో గెలిచింది వీళ్లే. రాజీవ్ రామ్ భారతీయ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన బిడ్డ, అప్పటికి వయసు 40.

అనంతపురంలో మా బావమరిదికి ఈ సంగతి చెబితే, "అదేం లెక్క బావా, సింగిల్స్‌లో నెట్టుకురాలేనోళ్లు ఆడేది కదా డబుల్స్!" అని తీసిపారేశాడు. అందులో కొంత నిజం ఉంది. ఈరోజు డబుల్స్ మాత్రమే ఆడేవాళ్లలో చాలామంది ఒకప్పుడు సింగిల్స్ కోసం ఏళ్ల తరబడి చేతులు కాల్చుకున్నవాళ్లే. కానీ సింగిల్స్‌లో ఆగిపోయినంత మాత్రాన డబుల్స్ దానంతట అది వచ్చేయదు.

టీవీలో ఈసారి బంతిని వదిలేసి నెట్ దగ్గర నిలబడ్డవాణ్ణి చూడండి. పార్ట్‌నర్ సర్వ్ చేసే ముందు వాడు చెయ్యి వీపు వెనక్కి పెట్టి వేళ్లతో సైగ చేస్తాడు. సర్వ్ ఎటు పడాలి, పడ్డాక తను అడ్డం దూకుతాడా, ఉన్నచోటే ఉంటాడా అన్నది ఆ సైగలో ఉంటుంది. ఒక్కోసారి కోర్టు నడిమధ్య, తల నెట్ కంటే కిందికి వచ్చేలా వంగి కూర్చుంటాడు. సర్వ్ వాడి తల మీదుగా పోతుంది. అటువైపు రిటర్న్ కొట్టేవాడికి వీడు కుడికి లేస్తాడో ఎడమకు లేస్తాడో తెలియదు. కోర్టు వెడల్పు సింగిల్స్‌కు 27 అడుగులైతే డబుల్స్‌కు 36. అంత చోటున్నా ఖాళీ కనబడదు. కోర్టు వెనక గీత (బేస్‌లైన్) దగ్గర నిలబడి గంటలకొద్దీ బాదడం మాత్రమే నేర్చినవాడికి ఇక్కడ చేతులు కట్టేసినట్టుంటుంది. నడాల్‌కు ఇది రాదని కాదు, 2016 రియోలో మార్క్ లోపెజ్‌తో కలిసి స్వర్ణం తెచ్చుకున్నాడు. రోజూ అదే పనిలో ఉన్న జంట ముందు ఎంత పెద్ద పేరైనా తేలిపోవచ్చు, అంతే. 2025 యూఎస్ ఓపెన్‌లో ఆడ, మగ జంటగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్‌ను సింగిల్స్ స్టార్ల కోసమే మార్చి, రెండు రోజుల్లో ముగించి, గెలిచిన జంటకు పది లక్షల డాలర్లు పెట్టారు. తీరా ఎగరేసుకుపోయింది డబుల్స్‌లో ఆరితేరిన ఎరానీ, వావసోరీ!

మన దేశం సంగతి చూసినా అంతే. మగవాళ్ల సింగిల్స్‌లో రామనాథన్ కృష్ణన్ 1960, 61ల్లో వింబుల్డన్ సెమీస్ దాకా వెళ్లాడు. గ్రాండ్‌స్లామ్‌లో మనవాళ్లు ఆ మెట్టు ఇంకా దాటలేదు. డబుల్స్‌లో లియాండర్ పేస్, మహేష్ భూపతి 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌కూ వెళ్లి రెండు గెలిచారు. తర్వాత వాళ్లు విడిపోయిన తీరు చూస్తే మాటిమాటికీ చీలే మన అమెరికా తెలుగు సంఘాలే నయమనిపిస్తుంది. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. రోహన్ బోపన్న మోకాళ్లలో కార్టిలేజ్ అరిగిపోయి, అయ్యంగార్ యోగాతో నెట్టుకొస్తూ, 43 ఏళ్ల వయసులో 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. నలభై దాటినా పని దొరికే ఆట ఇది. మన ఐటీ ఉద్యోగాల్లో ఆ భరోసా ఉందా?

డబ్బు మాత్రం తక్కువే. ఆ ఏడాది అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు 31.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. డబుల్స్ జంటకు 7.3 లక్షలు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. కింది స్థాయి టోర్నీల్లో వచ్చేది విమానం టికెట్లకు కూడా చాలదు. కాబట్టి పిల్లల్ని సింగిల్స్ మాన్పించి డబుల్స్‌లో వెయ్యమని నేననను.

నేననేది వేరు. 2010లో నడాల్ అనంతపురం వచ్చి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో తన ఫౌండేషన్ తరఫున టెన్నిస్ స్కూలు మొదలుపెట్టాడు. పేద పిల్లలకు ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా నేర్పే బడి. అది చూశాక ఇక్కడ అమెరికాలో ఉంటున్న మనవాళ్లలోనూ చాలామందికి ఊళ్లో ఓ కోర్టు కట్టించాలన్న కోరిక పుట్టింది, సంతోషం. కట్టిస్తారు, గోడ మీద తాతగారి పేరు చెక్కిస్తారు, రిబ్బన్ కత్తిరించి విమానం ఎక్కుతారు. ఆ తర్వాత అనంతపురం ఎండలో కోర్టు మీద కాలు పెట్టగలిగేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. అంతలోనే ఇద్దరు పెద్ద పిల్లలు సింగిల్స్ ఆడుకుంటుంటే మిగతావాళ్లు కంచె పట్టుకుని వంతు కోసం చూస్తుంటారు. అదే కోర్టులో డబుల్స్ పెడితే నలుగురు ఆడతారు. సర్వ్, వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం), పార్ట్‌నర్‌తో మాట్లాడటం ముగ్గురికో నలుగురికో ఒకేసారి వస్తాయి. ఇంకో కోర్టు కట్టే డబ్బుతో నెట్ ఆట నేర్పగల కోచ్‌కు కొన్నేళ్లు జీతం ఇవ్వండి. టోర్నీలకు పంపేటప్పుడు ఒక్కణ్ణి కాదు, జంటను పంపండి.

ఇక్కడ అమెరికాలోని మన తల్లిదండ్రులకూ ఓ మాట. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో రెండు జట్లు తలపడితే ముందు జరిగేవి మూడు డబుల్స్ మ్యాచ్‌లు. రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్, ఆ తర్వాతే ఒక్కో పాయింట్ చొప్పున ఆరు సింగిల్స్. మొత్తం ఏడు పాయింట్లలో నాలుగు తెచ్చుకోవాలి. ఆ మొదటి పాయింట్ కోసం కోచ్‌లు ఎంత టెన్షన్ పడతారో గ్యాలరీలో కూర్చుంటే తెలుస్తుంది. మన ఆంధ్ర కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడి వచ్చినవాడే. ఏషియన్ గేమ్స్‌లో 2014లో సనమ్ సింగ్‌తో, 2023లో రామ్‌కుమార్‌తో డబుల్స్ రజతాలు, సానియాతో మిక్స్‌డ్ స్వర్ణం సంపాదించాడు. మరి మనం గంటకు వంద డాలర్లు పోసి పిల్లలకు నేర్పించేది ఏమిటి? బుట్టెడు బంతులు, అన్నీ ఫోర్‌హ్యాండ్‌లే.

చివరగా మన సంఘం వేసవి పోటీల కమిటీకి ఒక విన్నపం. ప్రతి ఏడూ సింగిల్స్ ఫైనల్ శనివారం సాయంత్రం, మైకు, బిర్యానీ, ఫొటోలతో. డబుల్స్ ఫైనల్ ఆదివారం పొద్దున ఏడింటికి. ఈసారి తిరగేసి పెట్టండి. ఖాళీ కుర్చీల ముందు ఆడటం సింగిల్స్ వాళ్లకూ కాస్త అలవాటవుతుంది.