బెల్లం వేసినంత మాత్రాన బ్రౌనీ పథ్యం అయిపోదు

ఈ బ్రౌనీ మెసేజ్ మా మాగుంట లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో మొదలైంది. కావలి నుంచి ఫ్రెండు పంపింది, ఒంగోలు నుంచి పిన్ని పంపింది, నిన్న మళ్ళీ గ్రూపులోకే తిరిగొచ్చింది. "ఇంట్లోనే ఆరోగ్యకరమైన చాక్లెట్ బ్రౌనీ! మైదా లేదు, పంచదార లేదు. షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఎంతైనా తినొచ్చు!" కింద వరసగా 'రహస్యాలు'. పంపినవాళ్ళెవరూ చదివినట్టు లేదు. నేను చదివాను.

బ్రౌనీ ఇంగ్లండు రాణి కోసం పుట్టిందట. పుట్టింది అమెరికాలో. పోనివ్వండి.

పుల్ల గుచ్చితే పొడిగా రావాలట. అది కేకు సంగతి. బ్రౌనీని పుల్లకి తడి పలుకులు అంటుకుంటున్నప్పుడే దించాలి. పొడిగా వచ్చేదాకా ఆగితే చల్లారాక మిగిలేది రస్కు.

పైన పలచటి పగుళ్ళ పొరకి వంటసోడా ఎక్కువ వేయాలట. గుడ్లలో పంచదార కరిగేదాకా గిలక్కొడితే వచ్చే పొర అది. సోడా ఎక్కువైతే వచ్చేది సబ్బు రుచి.

కోకో లేకపోతే బూస్ట్ వేయాలట. బూస్ట్‌లో పంచదార ఉంటుంది. పంచదార లేదని పైనే కదా రాసింది?

ఖాళీ కుక్కర్‌కి గాస్కెట్, విజిల్ పెట్టి నలభై నిమిషాలు ఉంచమన్న మహానుభావుడు ఎవరో గానీ, నీళ్ళు లేకుండా అంతసేపు కాలిస్తే గాస్కెట్ మాడిపోతుంది, సేఫ్టీ వాల్వ్ కరిగిపోతుంది. అది కరిగేలా చేసిందే అందుకు. కుక్కర్ జోలికి పోకండి, మందపాటి గిన్నె చాలు.

ఇక షుగర్ వాళ్ళ సంగతి. "బెల్లం సహజం, రక్తంలో చక్కెర పెంచదు" అని రాశారు. ఏందబ్బా ఇది! బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్ళు సుక్రోజే. పంచదారలో ఉండేదీ అదే. ఒంట్లోకి వెళ్ళాక నేను బెల్లం నుంచి వచ్చానని అదేమీ గుర్తింపు కార్డు చూపించదు. మెసేజ్‌లో కొలతే చూడండి: పావుకిలో బెల్లం, తొమ్మిది ముక్కలు. ముక్కకి దాదాపు 28 గ్రాములు. కాఫీలో అయిదారు చెంచాలు వేసుకుని ఎవరైనా తాగుతారా? పైగా చాక్లెట్‌లో ఉన్న చక్కెర వేరే. డార్క్ అయినా సరే, 70 శాతం కోకో అని రాసి ఉన్నదాంట్లో మిగతా 30 పాళ్ళలో ఎక్కువ భాగం చక్కెరే. మైదా బదులు గోధుమపిండి అన్నారు, పీచు కాస్త పెరుగుతుంది, మంచిదే. కానీ 100 గ్రాముల మైదాలో పిండిపదార్థం సుమారు 74 గ్రాములైతే గోధుమపిండిలో 64. ఈ తేడాకేనా "ఎంతైనా" తినమనడం? బెల్లంలో ఐరన్ ఉంటుందన్నదీ నిజమే, బ్రౌనీ ముక్కలో ఉండేంత ఐరన్ కోసం షుగర్ పేషెంటు అంత చక్కెర మింగాలా?

నాకు మండేది బెల్లం మీద కాదు, ఆ "ఎంతైనా" మీద. మా పెదనాన్నకి మలైకాజా పెడితే అది స్వీటని తెలుసు కాబట్టి సగం తిని, మిగతాది పెద్దమ్మ చేతిలో పెట్టేస్తాడు. అదే మనిషికి ఇది ఆరోగ్యమని చెప్పి బ్రౌనీ ఇవ్వండి, నాలుగు ముక్కలు తిని, ఇంకో రెండు టిఫిన్ బాక్సులో పెట్టుకుంటాడు. రాత్రికి మీటరులో అంకె చూసి ఇంట్లోవాళ్ళకి టెన్షన్. ఫార్వర్డ్ చేసినవాళ్ళు అప్పటికి ఇంకో రహస్యం పంపుతూ ఉంటారు. షుగర్ వాళ్ళు బ్రౌనీ ముట్టకూడదని నేననను. చిన్న ముక్క, అన్నం తగ్గించుకున్న రోజున, డాక్టరు వద్దనకపోతే. అది పంచదారదైనా అంతే, బెల్లానిదైనా అంతే.

చివరి రహస్యం: "చాక్లెట్ కరిగించడానికి స్టవ్ అక్కర్లేదు, ఎండలో పెట్టండి." దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండ 40 దాటుతుంది. కరుగుతుంది, ఒప్పుకుంటున్నా. గిన్నె మాత్రం పొడిగా ఉండాలి, నాలుగు చుక్కల నీళ్ళు పడ్డా చాక్లెట్ బిరుసెక్కి పలుకులు పలుకులుగా అయిపోతుంది. సంక్రాంతికి చేసుకునేవాళ్ళు స్టవ్ వెలిగించుకోండి.