అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన అది దొంగ స్టీలు కాదు

మా పిన్ని విశాఖపట్నం కంచరపాలెంలో ఉంటుంది. పోయిన సంక్రాంతికి ముందు ఒక వాట్సాప్ వీడియో చూసి, పెళ్లి సారెలో వచ్చిన స్టీలు సామానులో సగం పాత సామాన్ల బండికి వేసేసింది. బండి అతను కూడా అయస్కాంతం పెట్టి చూసి ఇనుము రేటే కట్టాడు. 20 ఏళ్లుగా గాజువాక ఆటోనగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును కాల్చి, చల్లార్చి గుణం మార్చే) పని చేస్తున్నవాణ్ని, ఒక్క మాట ముందే అడిగి ఉంటే ఆపేవాణ్ని. ఇప్పుడు అదే వీడియో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చింది.

అందులో చెప్పేది ఇది: గిన్నెకు అయస్కాంతం అంటుకుంటే అది పూత వేసిన ఇనుము. అంటుకోకపోతే అసలైన 304, అంటే వంట సామానుకు మంచిదని పేరున్న స్టీలు రకం. ఒకే గిన్నెకు ఒకచోట అంటుకుని మరోచోట అంటుకోకపోతే రెండు లోహాలు అతికించారు. అంటుకునే గిన్నెలో వండుకుంటే విషం తిన్నట్టే.

"అంటుకుంటే ఇనుము."

స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. అది కనీసం 10.5 శాతం ఉంటే గాలి తగలగానే పైన కంటికి కనపడనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. అయస్కాంతానికీ దీనికీ సంబంధం లేదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ పోత పోసిన తుప్పు పట్టని ఉక్కులో క్రోమియం దాదాపు 12.8 శాతం. దానికి అయస్కాంతం అంటుకుంటుంది! చాలా చెంచాలకు వాడే 430 రకంలో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, దానికీ అంటుకుంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద పనికొచ్చే స్టీలు గిన్నెల అడుగున అయస్కాంతం అంటుకునే లోహం కావాలనే పెడతారు. వీడియో లెక్కన అవన్నీ నకిలీలే కావాలి.

"ఒకచోట అంటి, ఒకచోట అంటకపోతే మోసం."

మా పిన్ని సామాను పోయింది ఈ మాట వల్లే. బిందె అడుగున అయస్కాంతం జారిపోయింది, మెడ దగ్గర మాత్రం పట్టుకుంది. దాంతో అతుకు అనుకుంది.

ఇనుములో పరమాణువులు వేడిని బట్టి వరుస మార్చుకుంటాయి. స్వచ్ఛమైన ఇనుమును 912 డిగ్రీలు దాటించి కాలిస్తే అవి ఒక కొత్త అమరికలోకి వెళ్తాయి. ఉక్కు ఆ అమరికలో ఉన్నప్పుడు దాన్ని ఆస్టెనైట్ అంటారు, రాబర్ట్స్-ఆస్టెన్ అనే ఇంగ్లీషు లోహ శాస్త్రవేత్త పేరు మీద. ఆస్టెనైట్‌కు అయస్కాంతం అంటదు. మామూలు ఉక్కులో అది వేడి మీదే ఉంటుంది. చల్లారితే పాత అమరికకు తిరిగొస్తుంది, గబుక్కున నీళ్లలో ముంచితే మార్టెన్‌సైట్ అనే గట్టి రూపానికి మారుతుంది. ఇంటి పునాదిలో వేసే టీఎంటీ ఊచల పైపొర గట్టిపడేది ఇలాగే: ఎర్రటి ఊచ రోలింగ్ మిల్లు నుంచి వస్తూనే నీటి ధారల్లోంచి వెళ్తుంది, పైపొర మార్టెన్‌సైట్ అవుతుంది, తర్వాత లోపలి వేడి బయటికొచ్చి దాన్ని కాస్త మెత్తబరుస్తుంది.

304లో 18 శాతం క్రోమియంతో పాటు కనీసం 8 శాతం నికెల్ కలుపుతారు. ఆ నికెల్ బలంతో చల్లారాక కూడా ఆస్టెనైట్ అలాగే నిలబడిపోతుంది. కానీ ఆ నిలబడడం గట్టి నిలకడ కాదు. పళ్లెం అంచున పెట్టిన గోళీ లాంటిది, ఎవరూ కదపకపోతే ఉంటుంది. రేకును ప్రెస్సులో లోతుగా లాగి, వంచి, మెడ నొక్కినప్పుడు ఆ ఒత్తిడికి పరమాణువుల వరుసలు ఒక్కసారిగా జారి కొంత ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారిపోతుంది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. ఎక్కడ ఎక్కువ సాగితే అక్కడ ఎక్కువ. అడుగు పెద్దగా సాగదు కాబట్టి అలాగే మిగిలిపోతుంది.

మీరే చూడొచ్చు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి 304 గ్లాసు పక్కన వేలాడదీయండి. అడుగు దగ్గర ఊరికే ఊగుతుంది. చుట్టిన అంచు దగ్గరికి వచ్చేసరికి మెల్లగా గ్లాసు వైపు ఒరుగుతుంది. అదే గ్లాసును 1050 డిగ్రీల దాకా కాల్చి గబుక్కున చల్లార్చితే అంచు మళ్లీ ఆస్టెనైట్ అయిపోయి ఆ ఒరుగుడు పోతుంది. లోహం అదే, అమరిక ఒక్కటే మారింది. వెల్డింగ్ గీత మీద అయస్కాంతం కాస్త పట్టుకుంటే కూడా భయపడకండి. వేడి మీద పగుళ్లు రాకుండా అక్కడ అయస్కాంతం అంటుకునే ఫెర్రైట్ అనే అమరిక కొంచెం ఉండేలా కావాలనే చూసుకుంటారు.

"అంటుకోకపోతే 304."

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే, ఎందుకంటే జనం నష్టపోయేది ఇక్కడే. నికెల్ ఖరీదు. అందుకని దాన్ని తగ్గించి, మాంగనీసు, నైట్రోజన్ కలిపి ఆస్టెనైట్‌ను నిలబెట్టే 200 వరుస స్టీళ్లు మన మార్కెట్ నిండా ఉన్నాయి. 201లో నికెల్ 3.5 నుంచి 5.5 శాతమే, మాంగనీసు 5.5 నుంచి 7.5. అంతకన్నా తక్కువ నికెల్ రకాలూ ఉన్నాయి. వాటికీ అయస్కాంతం అంటదు. తుప్పును తట్టుకోవడంలో మాత్రం 304కు సాటి రావు, పైగా మన ఊరిది ఉప్పుగాలి. పిన్ని ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కొన్న కొత్త గిన్నెలకు అయస్కాంతం అస్సలు అంటలేదు. తెగ మురిసిపోయింది. ఉప్పు వేసిన డబ్బా అడుగున వానాకాలం రాకముందే గోధుమరంగు చుక్కలు వచ్చాయి.

విషం సంగతికి పెద్ద జవాబు అక్కర్లేదు. మార్టెన్‌సైట్‌గా మారిన చోట క్రోమియం, నికెల్ ముందు ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. బాగా వంగిన చోట తుప్పును తట్టుకునే శక్తి కాస్త తగ్గవచ్చు, అన్నం వండుకోవడానికి దానితో ఇబ్బంది లేదు.

మరి 304 అని తెలిసేదెలా? చూపుతో, చప్పుడుతో, అయస్కాంతంతో తెలియదు. లోహంలో ఏమేం ఉన్నాయో ఎక్స్‌రేతో చూసే చేతి మిషన్లు ఉన్నాయి, క్షణాల్లో చెప్పేస్తాయి. ఇంట్లోవాళ్లకు కుదిరేది, కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దానితో ఐఎస్ 14756 అన్న నంబరు చూసుకోవడం, బిల్లు మీద రకం రాయించుకోవడం. షాపువాడు రాయనంటే ఇంకో షాపు ఉంది.

పిన్ని దగ్గర ఇంకా రెండు పాత బిందెలు, ఒక క్యారియర్ మిగిలాయి. మొన్న ఆదివారం వెళ్లి వాటి మెడల మీద అయస్కాంతం పెట్టి చూపించాను. "అయితే ఇవి మంచివేనా నాన్నా?" అని మూడుసార్లు అడిగింది. చుక్కలు పడ్డ కొత్త డబ్బాలోంచి ఉప్పు తీసేసి జాడీలోకి మార్చాం, డబ్బాలో కందిపప్పు పోసింది.