క్యాట్‌ఫిష్ అంటే ఒక్క చేప కాదు

మొన్న ఆదివారం కర్నూలులో చేపలకు వెళ్తే, ఎప్పుడూ కొనే అక్క గంపలో జెల్లలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. "ఎవురూ కొనలేదన్నా. ఇవి క్యాట్‌ఫిష్ అంట, అమ్మితే కేసంట. రాత్రి సుంకేసుల కాడ వల ఏసి పట్టినవి ఇవి" అంది. ఆమెకు ఎవరో చూపించిన వాట్సాప్ మెసేజే నాకూ మూడు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది ఇది: "క్యాట్‌ఫిష్ విదేశీ చేప. పిల్లి మాంసం, కుళ్లిన మాంసం వేసి పెంచుతారు కాబట్టే ఆ పేరు. ప్రభుత్వం నిషేధించింది. దాన్నే జెల్ల, వాలుగ, మార్పు అని పేర్లు మార్చి అమ్ముతున్నారు. పొలుసు లేని చేప కొనకండి."

ముందు పేరు సంగతి. నేను అడిగితే అక్క ఒక జెల్లను ముళ్లు గుచ్చుకోకుండా తల దగ్గర ఒడుపుగా పట్టుకుని పైకెత్తింది. నోటి చుట్టూ ఎనిమిది మీసాలు. పైదవడ మీసాలు రెండూ తోక వైపు సాగి వేలాడుతున్నాయి. అదే వాలుగకైతే నాలుగే ఉంటాయి. పిల్లి మీసాల్లాంటి ఈ మీసాలను చూసే ఇంగ్లీషువాళ్లు క్యాట్‌ఫిష్ అన్నారు. మీసం అలంకారం కాదు, రుచి తెలిసే అవయవం. వరద నీళ్లు ఎర్రగా, ముందున్నది కనపడకుండా పారుతున్నప్పుడు అడుగున తిండి వెతుక్కునేది దానితోనే. క్యాట్‌ఫిష్ అన్న మాట ఇంగ్లీషులో 17వ శతాబ్దం నుంచీ ఉంది. మాంసం వ్యర్థాలు వేసి పెంచే చెరువులు మన దగ్గర మొదలైంది నిన్నగాక మొన్న. పేరుకూ ఆ మేతకూ ఏ సంబంధమూ లేదు.

రెండోది, అది ఒకే చేప అన్న మాట. ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్ అనేది మనం పప్పు అన్నట్టు. కంది, పెసర, మినుము అన్నీ పప్పులే. అలాగే ప్రపంచంలో 3,000కు పైగా జాతులను ఆ ఒక్క మాటతో పిలుస్తారు. మన జెల్ల, వాలుగ, మార్పు, ఇంగిలాయి అన్నీ అందులోవే. తాతల కాలం నుంచీ మన నదుల్లో, చెరువుల్లో ఉన్నవే. వాటిని విదేశీ చేపకు పెట్టిన దొంగపేర్లు అనడం నాకు చాలా బాధనిపించింది.

నిషేధం మాత్రం నిజమే, దాన్ని నేను కాదనను. 2000లో మన దేశం నిషేధించింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను. హిందీలో దాన్ని థాయ్ మాగుర్ అంటారు, పుట్టిల్లు ఆఫ్రికా అయినా. అది మీటరు దాటి పెరుగుతుంది, దొరికిన చేపనల్లా మింగుతుంది, చెరువు గట్టు దాటి నదిలో పడితే మన జాతులకు ముప్పు. దొంగచాటు చెరువుల్లో కబేళా వ్యర్థాలు వేసి దాన్ని పెంచుతున్నదీ నిజమే. దాన్ని కొనకూడదు. మన మార్పు దానికి దగ్గరి చుట్టమే కానీ మూర దాటి పెరగదు, ఇప్పుడు దొరకడమే అపురూపం. కేసరిపప్పు అమ్మకం నిషేధించారని కందిపప్పు మానేశామా?

తిరకాసు ఎక్కడొచ్చిందంటే, మన పేపర్లలో "క్యాట్‌ఫిష్ పట్టివేత" అని హెడ్డింగ్ పెడతారు, ఆఫ్రికన్ అన్న మాట ఎగిరిపోతుంది. ఏళ్ల తరబడి అలా చదివి చదివి తెలుగులో ఆ మాటకు ఆ ఒక్క చేపే అర్థంగా నిలిచిపోయింది. ఇంగ్లీషులో అలా కాలేదు. అక్కడా ఈ పేరు మీద గొడవలు లేకపోలేదు. వియత్నాం నుంచి వచ్చే చేపలను ఆ పేరుతో అమ్మకుండా అమెరికా 2002లో చట్టమే చేసింది. క్యాట్‌ఫిష్‌లలో తమ దేశంలో ఉండే ఒక్క కుటుంబానికి చెందిన చేపలకే ఆ పేరు చెల్లుతుందని రాసుకుంది. అందుకే వియత్నాం చేపలు బాసా, ట్రా పేర్లతో అమ్ముడయ్యాయి. మన హోటళ్లలో బాసా అని వడ్డించేది చాలావరకు పంగాసియస్. అదీ క్యాట్‌ఫిష్ జాతే. మెసేజ్ పంపినవాళ్లలో ఎంతమంది దాన్ని ఫ్రై చేయించుకుని తిన్నారో!

పొలుసు గురించి ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదు. ఈ జాతులకు పుట్టుకతోనే పొలుసు ఉండదు, నున్నటి చర్మమే. అది రోగమూ కాదు, కల్తీకి గుర్తూ కాదు.

ఆ రోజు కిలోన్నర జెల్లలు కొన్నాను. గంప మాత్రం ఖాళీ కాలేదు. ఆ మెసేజ్ మీకూ వస్తే, క్యాట్‌ఫిష్ ముందు ఆఫ్రికన్ అని చేర్చి, జెల్ల, వాలుగ, మార్పు పేర్లు కొట్టేసి, పంపినవాళ్లకే తిరిగి పంపండి.