మన శెనక్కాయల్లో జీఎం ఎక్కడుంది?

విత్తనాల సీజన్ వచ్చిందంటే చాలు, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. మా బంధువుల గ్రూపులో ఈసారి పలమనేరు మామ పెట్టాడు. కింద నలుగురు దండాలు పెట్టారు. అందులో ఉన్నది ఇదీ: వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు ఇచ్చే వేరుశనగ, రాగి విత్తనాలన్నీ జీఎం, అంటే బయటి జన్యువు చొప్పించిన విత్తనాలే. అవి రెండో ఏడు మొలవవు, రైతు ఏటా కొనాలనే అలా తయారు చేశారు. కొన్నింటికి అణు రేడియేషన్ పెట్టారు, తింటే క్యాన్సర్ వస్తుంది. తాతల నాటి విత్తనాలకు తెగుళ్లే ఉండేవి కావు. కొత్త రాగుల్లో బలం లేదు. చివరికి ఈ శాస్త్రవేత్తలు మన చేత పురుగుల పిండి తినిపిస్తారు. పది మందికి పంపండి.

పంపినవాళ్ల మీద నాకు కోపం లేదు. విత్తనం దగ్గర మోసపోయిన రైతు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ మంటే ఈ మెసేజ్‌ను నడిపిస్తోంది. కాకపోతే మోసం చేసింది ఒకరైతే తిట్లు ఇంకొకరికి పడుతున్నాయి. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

మొదటి మాట, అన్నీ జీఎం అనేది. మన దేశంలో రైతులు సాగు చేసుకోవడానికి అనుమతి ఉన్న జీఎం పంట ఒక్కటే, బీటీ పత్తి. 2002లో వచ్చింది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రమే ఆపేసింది. జీఎం ఆవాలకు 2022 అక్టోబరులో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపితే విషయం సుప్రీంకోర్టుకెక్కింది. 2024 జూలైలో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. వేరుశనగలో గానీ రాగిలో గానీ అనుమతి పొందిన జీఎం రకం ఒక్కటీ లేదు. తిరుపతి కేంద్రం ఇచ్చిన నారాయణి, ధరణి, కదిరి నుంచి వచ్చిన కదిరి 6, కదిరి లేపాక్షి, పెరుమాళ్లపల్లె రాగులు వకుళ, తిరుమల, వీటిలో ఏదీ జీఎం కాదు.

మరి ఎలా చేస్తారు? సాయంత్రం పూట వేరుశనగ మొగ్గను జాగ్రత్తగా విప్పి అందులోని కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి అద్దుతారు. ఆ పువ్వు నుంచి దిగే ఊడకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటారు. ఆ ఊడకు కాసిన ఒకటి రెండు గింజలే కొత్త రకానికి మొదలు. వాటిని విత్తి, వచ్చిన మొక్కల్లో ఏరి, మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, ఇలా ఆరేడు తరాలు నడుస్తాయి. తర్వాత వేరువేరు కేంద్రాల్లో, ఆ పైన రైతుల చేలల్లో మినీకిట్ల (చిన్న విత్తన సంచుల) పరీక్షలు. మొత్తం కలిపితే పదేళ్లు దాటడం మామూలే. ఇందులో రహస్యం ఏమీ లేదు, నడుం నొప్పి మాత్రం బోలెడు ఉంది.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే ఇప్పుడు కొత్త దారులు తొక్కుతున్నారు. మొక్కలకు రోజుకు ఇరవై గంటలకు పైగా వెలుతురు పెట్టి ఏడాదికి రెండు తరాలు వచ్చే చోట మూడు నాలుగు తెప్పిస్తున్నారు. లేత మొక్క నుంచి చిన్న ఆకు ముక్క గిల్లి, డీఎన్ఏలో తమకు కావలసిన గుణం ఉందో లేదో చూసి, లేని మొక్కలను అప్పుడే తీసేస్తున్నారు. దీన్ని మార్కర్ల పద్ధతి అంటారు. మార్కర్ వెతుకుతుంది, అంతే. బయటి నుంచి ఏదీ చొప్పించదు. మన ఇళ్లలో వండుకునే సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే శక్తిని హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇలాగే తెచ్చి 2008లో విడుదల చేశారు. అందులో ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరి నుంచి సంకరం ద్వారానే వచ్చింది.

మొక్క సొంత జన్యువునే సరిదిద్దే జీనోమ్ ఎడిటింగ్ వేరే సంగతి. 2025 మేలో కేంద్రం అలాంటి రెండు వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి చేసిన కమల, రెండోది కాటన్‌దొర సన్నాల నుంచి చేసిన పూసా డీఎస్టీ రైస్ 1. వాటిలో పరాయి జన్యువు లేదు కాబట్టి జీఎం పంటలకు పెట్టే పూర్తి పరీక్షలు అక్కర్లేదని 2022లోనే నిబంధన సడలించారు. ఆ సడలింపు సరైనదేనా అని అడిగే హక్కు మనకు ఉంది, అడగాలి కూడా. కానీ అవి వరి రకాలు. మన చేలో ఉన్న ధరణికి ఆ గొడవ అంటగట్టకూడదు.

ఇక మెసేజ్‌లో అందరినీ పట్టేసే మాట, రెండో ఏడు మొలవవు అనేది. వేరుశనగ గురించి ఇంతకంటే తలకిందుల మాట ఉండదు. ఈ పువ్వు బయటి పుప్పొడి కోసం చూడదు, తనలో తానే ఫలదీకరణ చేసుకుంటుంది. అందుకే మార్కెట్లో హైబ్రిడ్ వేరుశనగ, అంటే రెండు రకాలను కలిపి ఏటా కొత్తగా చేసే విత్తనం, అనేదే లేదు. ఈ ఏడు వేసిన నారాయణి కాయలు దాచి వచ్చే ఏడు వేస్తే వచ్చేదీ నారాయణే. రాగి కూడా అంతే. పెద్ద విత్తన కంపెనీలు వేరుశనగ జోలికి అంతగా రాకపోవడానికి కారణం ఇదే. రైతు ఒకసారి కొంటే తర్వాత తనే దాచుకుంటాడు. ఎకరాకు అరవై నుంచి ఎనభై కిలోల గింజలు కావాలి, మోయడానికీ నిల్వకూ ఖర్చు ఎక్కువ. ఒక బస్తా విత్తితే విత్తనానికి పది బస్తాలు రావడం కష్టం. లాభం లేని చోట కుట్ర ఎవరు చేస్తారు?

టెర్మినేటర్ అనే పేరు చాలామంది వినే ఉంటారు. రెండో తరం మొలవకుండా చేసే ఆ పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. అది ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు. మన 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం 29వ సెక్షన్ అలాంటి రకాలను రిజిస్టర్ చేయడమే కుదరదంటుంది. అదే చట్టంలో 39వ సెక్షన్ రైతుకు తన పంట నుంచి విత్తనం దాచుకునే, మళ్లీ విత్తుకునే, పక్కవాళ్లకు ఇచ్చే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే.

అయినా ఇంట్లో దాచిన కాయలు మొలవలేదంటారు. ఆ మాట నిజమే, చాలా ఇళ్లలో జరుగుతుంది. దానికి కారణాలు వేరే. వేరుశనగ గింజలో నూనె ఎక్కువ, మొలకశక్తి త్వరగా పోతుంది. ఖరీఫ్‌లో పీకిన కాయలను మళ్లీ ఖరీఫ్ దాకా ఉంచితే ఎనిమిది తొమ్మిది నెలలు అవుతుంది, అప్పటికి సగం సత్తువ పోతుంది. రబీ పంట కాయలనే ఖరీఫ్‌కు విత్తనంగా వాడే అలవాటు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. తడి సరిగా ఆరకపోయినా, పుచ్చు పట్టినా, విత్తడానికి చాలా ముందే మిషన్‌లో ఒలిపించి పొట్టు దెబ్బతిన్నా అదే ఫలితం. కాయగా దాచి, విత్తే ముందు చేత్తో ఒలుచుకున్నవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ.

మెసేజ్‌లో టమోటా ఊసు లేదు గానీ, ఏటా కొనాలన్న మాట దానికైతే కాస్త నిజమే. మన వైపు వేసే టమోటాల్లో ఎక్కువ హైబ్రిడ్లే. వాటి గింజలు మళ్లీ వేస్తే మొలుస్తాయి గానీ, ఒక్కో చెట్టు ఒక్కో రకంగా కాస్తుంది. అందుకే ఏటా నారు కొనాలి. హైబ్రిడ్ అన్నంత మాత్రాన జీఎం అయిపోదు, కానీ చిన్న ప్యాకెట్ ధర చూస్తే గుండె గుభేల్‌మంటుందన్నది వాస్తవం. ఆ కోపాన్ని పెరుమాళ్లపల్లె రాగి మీద చూపిస్తే ఎలా?

రేడియేషన్ మాట. ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం కొన్ని వేరుశనగ రకాలను ఇలా తయారు చేసిన మాట నిజమే. టీఏజీ 24 అందులో పేరున్నది. గింజలకు ఒకసారి కిరణాలు పెడతారు. వాటిలో కొన్నింటి జన్యువులు మారతాయి, అందులో పనికొచ్చే మొక్కలను ఏరుకుని తరతరాలుగా పెంచుతారు. మనం ఎక్స్‌రే తీయించుకుని ఇంటికొచ్చాక మన ఒంటి నుంచి కిరణాలు రానట్టే ఆ గింజలోనూ ఏమీ మిగలదు. మన చేతికి వచ్చేది ఎన్నో తరాల తర్వాతి కాయ. క్యాన్సర్ భయం పెట్టుకోవాలంటే బూజు పట్టిన శెనక్కాయల్లో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం గురించి పెట్టుకోండి. అది నాటు రకంలోనూ వస్తుంది, కొత్త రకంలోనూ వస్తుంది.

నాటు విత్తనాలకు తెగుళ్లే లేవన్న మాటకు మన జిల్లాలోనే జవాబు ఉంది. 1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతంలో వేరుశనగ పీకిన రైతులకు కాయలు చిన్నగా, పైన గోధుమ పసుపు మచ్చలతో, డొల్ల నల్లబడి కనిపించాయి. ఊడల మీదా అవే మచ్చలు. చెట్టు మాత్రం పైకి పచ్చగానే ఉండేది, అందుకే పీకేదాకా సంగతి తెలిసేది కాదు. కారణం నేలలో ఉండే కంటికి కనిపించని నులిపురుగు. ఆ జబ్బుకు ప్రపంచమంతా కాళహస్తి తెగులు అనే పేరే స్థిరపడింది. మన ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అదీ, గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. మందులు చల్లి నేలంతా శుభ్రం చేయడం రైతు వల్ల అయ్యే పని కాదు. తిరుపతి శాస్త్రవేత్తలు ఆ నులిపురుగు ఉన్న నేలల్లోనే రకాలను పెట్టి, తట్టుకున్నవాటిని ఏరి, సంకరం చేసి తిరుపతి 3, కాళహస్తి అనే రకాలు ఇచ్చారు. రెండో దాని పేరు వినగానే ఎక్కడి బాధకు ఎక్కడ మందు దొరికిందో తెలిసిపోతుంది.

పక్క జిల్లా అనంతపురంలో 2000 సంవత్సరంలో జరిగింది ఇంకా పెద్దది. కాండం కుళ్లు వైరస్ రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను తినేసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కలు చెప్పాయి. వైరస్ దాక్కునేది గట్ల మీది వయ్యారిభామలో. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొస్తాయి. నాటుదా కొత్తదా అని చూసి రాలేదు ఆ వైరస్.

అసలు నాటు అంటే ఎంత నాటు? వేరుశనగ దక్షిణ అమెరికా పంట. టమోటా, మిరప కూడా ఆ వైపువే. రాగి తూర్పు ఆఫ్రికా నుంచి వేల ఏళ్ల కిందట వచ్చి మన సంగటి అయింది. మండ్యలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త మన రాగినీ ఆఫ్రికా రాగినీ మళ్లీ కలిపి ఇండాఫ్ రకాలు చేశాడు. ఆ పేరులోనే ఇండియా, ఆఫ్రికా రెండూ ఉన్నాయి. రాగి పువ్వు మరీ చిన్నది, కేసరాలు తీయడం గగనం. రెండు కంకులు పక్కపక్కన కట్టి, పుప్పొడి తనంతట తాను రాలేలా చేసే పద్ధతిలో వేల మొక్కల్లోంచి సంకరాన్ని ఏరుకోవాలి. ఆ ఓపికకే కన్నడ రైతులు ఆయనను రాగి బ్రహ్మ అన్నారు.

నాటు రకాలు పోతున్నాయన్న బాధ మాత్రం నిజమైనదే. ఒకే రకం జిల్లా అంతా పాకితే తెగులుకు దారి తెరిచినట్టే. ఈ విషయంలో విత్తన పంపిణీ చేసేవాళ్ల తప్పు ఉంది, ఏళ్ల తరబడి ఒకటి రెండు రకాలే తెచ్చి పోస్తారు. కానీ ఆ పాత రకాలను కాపాడుతున్నది ఎవరనుకుంటున్నారు? పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలు చల్లటి గదుల్లో ఉన్నాయి. నాటు గింజ లేకపోతే సంకరం చేసేవాడికి పనే లేదు.

కొత్త రాగుల్లో బలం లేదన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. దిగుబడి పెరిగినప్పుడు ఖనిజాల శాతం కొంత తగ్గే ప్రమాదం కొన్ని పంటల్లో ఉందని శాస్త్రవేత్తలే చెప్పారు. దాన్ని సరిచేయడానికే 2020లో విడుదలైన సీఎఫ్ఎంవీ 1 అనే రాగిలో 100 గ్రాములకు 428 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉందని భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించింది. జాతీయ పట్టికల్లో మామూలు రాగికి ఉన్న అంకె 364. పైగా రాగిలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, గింజలోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడతాయి. మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే కాస్త మేలు. మన అమ్మమ్మలు పసిపిల్లలకు పెట్టిన రాగి మాల్ట్ అదే కదా.

పురుగుల పిండి సంగతి ఒక్క ముక్కలో తేల్చొచ్చు. యూరప్‌లో 2021లో కొన్ని పురుగులను తిండిగా అనుమతించారు, అది అక్కడి ముచ్చట. ఇక్కడ పాలు, తేనె లాంటివి తప్ప జంతువుకు సంబంధించినది ఏది కలిపినా ప్యాకెట్ మీద మాంసాహారపు గుర్తు వేయాల్సిందే. మన కేంద్రాల్లో రేపటి తిండి కోసం పని జరుగుతున్నది రాగి, కొర్ర, ఉలవ, కంది మీద. ఉలవచారు తినేవాడికి ఇందులో భయపడేదేముంది?

ఇక అసలు మోసం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అది నిజంగా ఉంది. సంచికి ఉన్న ట్యాగు చూడండి. ఫౌండేషన్ విత్తనానికి తెల్లది, సర్టిఫైడ్‌కు నీలం ట్యాగు ఉంటుంది. లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటే అది అమ్మేవాడు తన మాట మీద ఇచ్చేది, సర్టిఫికేషన్ సంస్థ తనిఖీ చేసింది కాదు. సర్టిఫైడ్ వేరుశనగ కనీసం 70 శాతం మొలవాలి. విత్తే ముందు వంద గింజలు తడి గోనెలో చుట్టి వారం ఉంచి లెక్కపెట్టుకోండి. 70 రాలేదంటే మిగతాది విత్తకుండా సంచిని కొన్న చోటికి తీసుకెళ్లండి. ట్యాగు, బిల్లు పంట ఇంటికొచ్చేదాకా పారేయకండి. ఫిర్యాదు పెట్టినప్పుడు వ్యవసాయాధికారి మొదట అడిగేది ఆ రెండే.