అత్తయ్య లెక్కలో రెండు తక్కువ

సంచి కింద పెట్టకముందే మా అత్తయ్య అడిగింది, "డాలస్ వెళ్ళే విమానానికి ఇంజిన్లెన్నిరా అబ్బాయ్?" అని. సంక్రాంతికి విజయవాడ వెళ్ళాను, గన్నవరంలో దిగి పటమట చేరేసరికి పదిన్నరైంది, ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు. రెండు అన్నాను. "అదే, రెండేనంట కదా" అని మావయ్య వైపు చూసింది. టిక్కెట్లు క్యాన్సిల్ చేయించండి అన్న మాట ఆ చూపులోనే ఉంది.

మేలో వాళ్ళ మనవడి గ్రాడ్యుయేషన్. షంషాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్, ఇద్దరికీ మా వదినే టిక్కెట్లు కొనేసింది. 2003లో వీళ్ళు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ముంబై దాకా రైల్లో పోయి, అక్కడ జంబో, అదే బోయింగ్ 747, ఎక్కారు. నాలుగు ఇంజిన్లు, పైన మేడ. ఆ మేడ సంగతి అత్తయ్య ఇప్పటికీ పేరంటాల్లో చెబుతుంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి అందులోని 241 మంది పోయినప్పుడు రోజంతా టీవీ ముందు కూర్చుంది, అప్పటినుంచి రెండు ఇంజిన్లంటే ఆవిడకి నమ్మకం పోయింది. "నాలుగుంటే రెండు ఆగినా ఇంకో రెండుండేవి" అంటుంది. కాదనడం ఎట్లా? వినడానికి నిక్షేపంలాంటి లెక్క.

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలో అమ్మానాన్నల్ని పిలిపించుకునే ప్రతివాళ్ళూ ఈమధ్య ఈ ప్రశ్న ఎదుర్కొంటున్నారు, కొందరు సగం నమ్ముతున్నారు కూడా, అందుకే రాస్తున్నాను. నేను ఇంజినీర్నే గానీ విమానాల ఇంజినీర్ని కాదు, ఇవంటే పిచ్చి మాత్రం చిన్నప్పటినుంచీ ఉంది. నా మాట ముందే చెప్పేస్తా: ఇంజిన్లు లెక్కపెట్టడం దండగ. పైగా ఆ రెండు ఇంజిన్ల పుణ్యానే మీ అమ్మగారు ముంబై దాకా రైల్లో పోకుండా హైదరాబాద్‌లోనే విమానం ఎక్కుతున్నారు.

ఆశ్చర్యం ఏంటంటే, అత్తయ్యకి జవాబు చెప్పింది నేను కాదు, మావయ్య. ఆయన నలభై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. "నాలుగుంటే నాలుగు రిపేర్లేనే" అన్నాడు, పేపరు లోంచి తల ఎత్తకుండా.

ఆ ఒక్క ముక్కలో సగం విషయం ఉంది. సముద్రాల మీద ఎయిర్‌పోర్టుకి 180 నిమిషాల దూరం దాకా వెళ్ళడానికి రెండు ఇంజిన్ల విమానానికి అనుమతి కావాలంటే, ఆ రకం ఇంజిన్ గాల్లో ఆగిపోవడం 50,000 గంటలకు ఒకసారి కంటే మించకూడదు. రోజుకు 12 గంటలు తిప్పినా పదకొండేళ్ళు దాటుతుంది. మావయ్య ఇది విని పేపరు మడిచాడు. ఇప్పుడు 15 గంటల ప్రయాణం అనుకోండి. రెండు ఇంజిన్లకి కలిపి 30 గంటలు, అంటే ఏదో ఒకటి ఆగే అవకాశం 50,000లో 30. నాలుగుంటే 60. ఇంజిన్లు పెరిగేకొద్దీ ఒకటి ఆగే అవకాశం పెరుగుతుంది, తగ్గదు. సరే, రెండింట్లో ఒకటి ఆగింది, దగ్గరి ఎయిర్‌పోర్టు మూడు గంటల దూరంలో ఉంది, ఆ మూడు గంటల్లో రెండోది కూడా దానంతట అది ఆగాలంటే 50,000లో 3 వంతులు. రెండూ గుణిస్తే దాదాపు రెండు కోట్ల డెబ్భై ఎనిమిది లక్షల ప్రయాణాల్లో ఒకసారి. అది కూడా నిబంధన ఒప్పుకునే ఆఖరి హద్దులో ఉన్న ఇంజిన్లకి, ఇప్పటివి అంతకంటే నయం.

"ఆ గుణకారం నాకు చెప్పకు" అన్నాడు మావయ్య. "ఒకే బంకులో డీజిల్ కొట్టించుకున్న లారీలు ఆరుంటే ఆరూ ఒకేసారి ఆగుతాయి. దేనంతట అది ఎందుకు ఆగుతుంది?"

నేను ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్న విషయం ఆయన డీజిల్ బంకు దగ్గర తెలుసుకున్నాడు. అన్నిటినీ ఒకేసారి పట్టుకునే కారణం వచ్చిందంటే ఎన్ని ఇంజిన్లున్నా ఒకటే. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో ఒకటి జావా దీవి దగ్గర గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్ళింది, నాలుగు ఇంజిన్లూ వరసగా ఆగిపోయాయి. బూడిద లోంచి కిందికి జారి బయటపడ్డాక మళ్ళీ అంటుకున్నాయి, జకార్తాలో క్షేమంగా దిగారు. 1989 డిసెంబరులో అలాస్కాలో కేఎల్ఎం జంబోకీ ఇదే గతి, అదీ దిగింది. బూడిదకి లెక్కలు రావు కదా, ఒకటి ఆపి మూడు వదిలేయడానికి. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్ ఆల్ సరుకుల జంబో సంగతి ఇంకా ఘోరం, కుడి రెక్క కింది ఇంజిన్ ఒకటి ఊడి, పోతూ పోతూ పక్కదాన్ని కూడా ఊడగొట్టింది, విమానం అపార్ట్‌మెంట్ల మీద పడింది.

మావయ్యకి బాగా పట్టింది మాత్రం 1983 నాటి మయామీ కథ. అది మూడు ఇంజిన్ల లాక్‌హీడ్ ట్రైస్టార్, ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌ది. ముందు రాత్రి మూడు ఇంజిన్లలోనూ ఆయిల్‌లో ఇనుప రజను పట్టుకునే చిన్న డిటెక్టర్లు మార్చారు, మూడింటికీ ఓరింగులు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు, వేయకుండా బిగించేశారు. ఆయిలంతా కారిపోయింది. గాల్లో ఒక ఇంజిన్ వాళ్ళే ఆపారు, తర్వాత మిగతా రెండూ వాటంతటవే ఆగాయి, సముద్రం మీదికి జారుతుంటే మొదట ఆపిన ఇంజిన్ మళ్ళీ అంటుకుని ప్రాణాలు నిలబెట్టింది. "ఓరింగు!" అన్నాడు మావయ్య. "రూపాయి ఓరింగు!" ఆ తర్వాత ఐదు నిమిషాలు తన షెడ్డులో ఏ కుర్రాడు ఏ బండికి ఓరింగు మర్చిపోయాడో చెప్పుకొచ్చాడు, అది ఇక్కడ రాయను.

ఇలాంటివాటికి మందు ఇంకో ఇంజిన్ తగిలించడం కాదు. రెండు ఇంజిన్లతో మహాసముద్రాలు దాటే విమానాలకి ఈటాప్స్ అని నియమావళి ఉంది, అందులో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇది: ఒకే రిపేరు ఒకే సర్వీసింగ్‌లో రెండు ఇంజిన్లకీ ఒకే మెకానిక్ చేయకూడదు. తప్పనిసరై చేస్తే వేరేవాడు వచ్చి చూడాలి. ఒకడు మర్చిపోయిన ఓరింగు రెండోచోట కూడా మర్చిపోకుండా ఉండటానికన్నమాట. మావయ్య తల ఊపాడు, "అదీ లెక్క" అన్నాడు. ఆయన ఆ మాట ఎవరికీ ఊరికే అనడు.

పాత భయానికి మూలం లేకపోలేదు. 1953లో అమెరికాలో రెండు ఇంజిన్ల విమానం ఎయిర్‌పోర్టుకి 60 నిమిషాల కంటే దూరం పోకూడదని కట్టడి చేశారు. అవి పిస్టన్ ఇంజిన్ల రోజులు, తరచూ చెడేవి. జెట్ ఇంజిన్‌లో పిస్టన్ లేదు, కిందికీ పైకీ కొట్టుకునేదేమీ లేదు, అంతా గుండ్రంగా తిరిగేదే, అందుకే అంత కాలం ఆగకుండా నడుస్తుంది. నమ్మకం కుదిరేకొద్దీ కట్టడి సడలింది. 1985లో టీడబ్ల్యూఏ వాళ్ళ బోయింగ్ 767 బోస్టన్ నుంచి పారిస్‌కి 120 నిమిషాల అనుమతితో వెళ్ళింది, 1988లో 180 నిమిషాలు ఇచ్చారు, 2014లో ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాలు. ఇవి ఒక్క ఇంజిన్‌తో ఎగిరే నిమిషాలు. అంత సేపు ఎగరగలదని రుజువు చూపిస్తేనే ఇస్తారు.

టేకాఫ్ అప్పుడు ఒకటి పోతే, అంది అత్తయ్య. మంచి ప్రశ్న. రెండింట్లో ఒకటి పోతే సగం బలం పోయినట్టే, కాబట్టి ఆ మిగిలిన ఒక్కదానితోనే నిండు బరువుతో పైకి లేవగలిగేట్టు తయారుచేయాలి. అందుకే రెండూ పనిచేస్తున్నప్పుడు ఈ విమానాలు అవసరానికి మించిన బలంతో జివ్వున లేస్తాయి. నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ340 పాత మోడళ్ళు ఎక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రన్‌వే అయిపోవస్తోంది ఇంకా లేవదేంటి అనిపించేది.

అహ్మదాబాద్ సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తింది. 2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం టేకాఫ్ అయిన క్షణాల్లోనే రెండు ఇంజిన్లకీ ఇంధనం ఇచ్చే స్విచ్చులు సెకను తేడాతో కటాఫ్‌లోకి మారాయి. నాలుగు ఇంజిన్లుంటే ఏమయ్యేదో నేను చెప్పను, అంతమంది పోయిన చోట ఊహాగానాలు చేయడం నాకిష్టం లేదు. ఇంజిన్ అరిగి ఆగిన కథగా మాత్రం ఆ నివేదికలో కనపడదు, అంతవరకే చెప్పాను. అత్తయ్య ఇంకేం అడగలేదు.

ఇన్ని చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. నాలుగు ఇంజిన్లలో ఒకటి ఆగితే కొన్నిసార్లు మిగతా మూడుతో ప్రయాణం సాగించొచ్చు. 2005లో లాస్ ఏంజెలెస్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో ఒకటి అట్లాగే వచ్చి, ఇంధనం చాలదేమోనని లండన్‌కి బదులు మాంచెస్టర్‌లో దిగింది. రెండింట్లో ఒకటి ఆగితే ఆ వీలు లేదు, దగ్గర్లో ఎక్కడ అనువుగా ఉంటే అక్కడ దిగాల్సిందే, ఆ దగ్గర అనేది మనకి ఊహకందని చోటు కావచ్చు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ఎయిర్ ఇండియా వాళ్ళ రెండు ఇంజిన్ల బోయింగ్ 777 ఒక ఇంజిన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగడాన్‌లో దిగింది, 216 మంది ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. భాష రాదు, మన తిండి దొరకదు. నా దృష్టిలో మన పెద్దవాళ్ళకి అసలు గండం ఇదీ. మొన్న మన సంఘంలో ఒకాయన తల్లి బీపీ, షుగర్ మాత్రలన్నీ పెద్ద సూట్‌కేసులో వేసి చెకిన్ చేసేశారు, దారిలో విమానం ఆలస్యమై రాత్రంతా బెంచీ మీద మాత్రల్లేకుండా గడిపారు. దానికి ఇంజిన్ కూడా చెడలేదు. ఐదు రోజుల మాత్రలు, డాక్టర్ చీటీ చేతిసంచిలో ఉన్నాయా అని అడగండి ముందు.

ఇక మొదట అన్న హైదరాబాద్ మాట. జంబో అంటే నాలుగు వందల సీట్లు, తాగే ఇంధనం కూడా ఆ స్థాయిలోనే. రోజూ అన్ని సీట్లు నిండాలంటే ముంబై, ఢిల్లీ లాంటి ఊళ్ళే కావాలి, మనం బ్యాగులు మోసుకుని అక్కడికి పోవాలి. రెండు ఇంజిన్ల బోయింగ్ 787కి రెండు మూడు వందల మంది చాలు, కాబట్టే లండన్ నుంచీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచీ హైదరాబాద్‌కి నేరుగా వస్తున్నాయి. 2021 జనవరిలో హైదరాబాద్-చికాగో నాన్‌స్టాప్ మొదలైంది కూడా రెండు ఇంజిన్ల 777తోనే, అది నిలవలేదనుకోండి. ఆఖరి జంబోని 2023 జనవరిలో అప్పగించేశారు, మొత్తం 1,574. రెండంతస్తుల ఏ380 అయితే 251తోనే 2021లో ఆగింది. ఆ మేడ మీద నాకూ మోజుంది, మ్యూజియంలో పెడితే టిక్కెట్ కొని చూస్తాను. గన్నవరం నుంచి 2018 డిసెంబరులో చిన్న విమానంతో మొదలైన సింగపూర్ సర్వీసే కొన్ని నెలల్లో ఆగిపోయింది, అక్కడికి జంబో వస్తుందా? ఇప్పుడు ఏ321 ఎక్స్‌ఎల్‌ఆర్ అని ఒకే నడవ ఉన్న రెండింజిన్ల విమానం 8,700 కిలోమీటర్ల దాకా పోతోంది. గన్నవరం నుంచి యూరప్‌కి ఎప్పటికైనా విమానం ఎగిరితే అట్లాంటిదే ఎగరాలి. మన సంఘాలు వినతిపత్రాలు ఇస్తే ఇలాంటి దాని కోసం ఇవ్వాలి.

నేను తిరిగి వచ్చిన వారానికి మా వదిన ఫోన్ చేసింది, "మా అమ్మకి ఏం చెప్పావురా నువ్వు?" అని. టిక్కెట్లు క్యాన్సిల్ చేయమనలేదంట, సీట్లు మార్చమందంట. రెక్క దగ్గర, ఇంజిన్ కనపడేట్టు, కిటికీ పక్కన. అది సరే, పక్క సీటు నాన్నకి తీసుకుంటానంటే ఒప్పుకోలేదంట, నాన్నకి అవతలి పక్క రెక్క దగ్గర కిటికీ కావాలంది. దోహా నుంచి డాలస్ దాకా పదహారు గంటలు ఇద్దరూ చెరో కొసన ఎందుకమ్మా అని అడిగితే, "రెండూ ఒకళ్ళే చూడకూడదంటమ్మా" అందిట.